మోటారుబండి ముందుగా చూపు గుర్తులు



మోటారుబండిని గూర్చి పల్లెటూరి పెద్దలతో ముచ్చటింప నేల, ఈ మాటలు బండి తోలువారితో చెప్పదగినవి కావా యని మీలో కొందఱికి తోచవచ్చును. తోలువారితో చెప్పదగిన మాటలు వేఱుగా నున్నవి. ఈ పూట నేను వెనుక సీటున కూర్చుండువారితోనే మాటలాడదలచితిని. ఏలయన, నేడు మన పల్లెలలో ఆసుపత్రికి పోవలెనన్నను, పెండ్లికి తరలవలెనన్నను, తిరుపతికొండకు మ్రొక్కు చెల్లింప బోవలెనన్నను కారు లేక సాగుట లేదు. ఆ కారు మన యింటిది కావచ్చును, అల్లునిది కావచ్చును, కిరాయిది కావచ్చును. అందు కూర్చుండు పెద్దవారి చేతిలో స్టీరింగు లేకపోయినను వారికి కన్ను, చెవి, ముక్కు ఉన్నవి. బండి చెడుటకు ముందు చూపు గుర్తులలో చాలవఱకు ఆ మూటికి అందునవే.

మీలో ఎడ్లబండి తోలినవారెందఱో యుందురు. ఇరుసునకు కందెన తక్కువైనప్పుడు పుట్టు కీచుధ్వని యెట్టిదో మీకు చెప్ప నక్కఱలేదు. ఎండకు కఱ్ఱ యెండి ఇనుపపట్టా వదులైనప్పుడు చక్రము పలుకు తీరు మాఱును. అట్టి చప్పుడు విన్నచో బండిలో గడ్డిమీద కునుకు తీయుచున్న ముసలివాడు సయితము లేచి “బండి ఆపరా” అనును. ఆ ముసలివాడే కారులో కూర్చున్నప్పుడు ఏ వింత చప్పుడు విన్నను నోరు మెదపడు. ఇది మనకు తెలిసిన విద్య కాదులే యని యూరకుండును. ఆ యూరకుండుట తగదని చెప్పుటయే నా ఉద్దేశము.

నేను ముప్పదియైదేండ్లకు పైగా మోటారుబండ్ల నడుమనే కాలము గడపితిని. తొలుత కిరాయికారు తోలితిని. తరువాత బండ్లు బాగుచేయు షెడ్డు పెట్టుకొంటిని. తోలుట మానుటకు గల కారణము చెప్పినచో నేటి ప్రసంగమునకు మూలము చెప్పినట్లే యగును.

1996వ సంవత్సరము మే నెలలో ఒక తెల్లవాఱుజామున మా మేనత్తకు మాట తడబడి కుడిచేయి చచ్చుబడినది. మా యూరు వినుకొండ ప్రాంతమున నున్నది. ఫోను చేసినంతనే వచ్చు 108 బండ్లు ఆనాడు లేవు. అవి మన రాష్ట్రమున 2005లో గాని మొదలు కాలేదు. నా అంబాసిడరు కారులోనే ఆమెను గుంటూరు తీసికొనిపోవ నిశ్చయించితిమి. మా మామయ్య టార్చిలైటు వెలుగున ఆమెను ఎక్కించుచు, క్రిందికి వంగి చూచి, “అల్లుడూ, బండి కింద తడిగా ఉందిరా” అనెను. “నిన్న కడిగిన నీళ్లులే మామయ్యా, ముందు మీరు ఎక్కండి” అంటిని. మే నెల యెండలో ముందునాటి ఉదయము కడిగిన నీరు మఱునాటి తెల్లవాఱుజాము వఱకు నిలుచునా యని నాకు తోచలేదు. ఆయనకు తోచియే యుండును. గాని కారు సంగతి తనకంటె నాకెక్కువ తెలియునని నమ్మి యూరకుండెను.

నరసరావుపేట దాటి కొంతదూరము పోవునప్పటికి ఇంజను వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీటునకు చేరినది. కొంచెము నెమ్మదిగా తోలితిని. ఐదాఱు నిమిషములలో ఆ ముల్లు తనంత తానే క్రిందికి దిగిపోయినది. చల్లబడినదని సంతోషించి వేగము పెంచితిని. అది చల్లబడుట కాదు. ముల్లునకు వేడి తెలుపు సాధనము నీటిలో మునిగి యుండవలెను. నీరంతయు కారిపోయి, ఆ సాధనము చుట్టును ఆవిరియు గాలియు మాత్రమే మిగులుటచే, అది వేడిని సరిగా తెలుపలేకపోయినది. మఱి మూడు కిలోమీటర్లు పోకమునుపే సుత్తితో కొట్టినట్లు శబ్దమై ఇంజను బిగిసిపోయినది.

రోడ్డు ప్రక్క తుమ్మచెట్టు నీడలో మేనత్తను పండుకొనబెట్టి నిలుచుంటిమి. రెండు బస్సులు క్రిక్కిఱిసి యుండి ఆగక పోయినవి. మూడవది ఆగినది. ఎనిమిది గంటలకు చేరవలసిన వారము పదునొకండున్నరకు ఆసుపత్రి చేరితిమి. మేనత్త బ్రదికినది. తరువాత తొమ్మిదేండ్లు మా కన్నుల యెదుటనే యుండినది. గాని ఆ కుడిచేయి అన్నము కలుపుకొనుటకు మరల లేవలేదు. ఆలస్యముచేత అట్లయినదో, రోగముచేతనే అట్లయినదో వైద్యులు చెప్పలేదు, నేనును అడుగలేదు.

మామయ్య ఆ మాట ఎన్నడును ఎత్తలేదు. నాటినుండి మాత్రము ఎవరి కారెక్కవలసి వచ్చినను ఒకమాఱు చుట్టును తిరిగి, మోకాలిపై చేయి మోపి క్రిందికి వంగి చూచెడివాడు. కుఱ్ఱ డ్రైవర్లు నవ్వెడివారు. ఆ చూచుటలో ఏమేమి కనబడునో మొదట చెప్పెదను.

బండి రాత్రియంతయు నిలిచిన చోట ఒక అట్టముక్కయో, పాత వార్తాపత్రికయో పఱచియుంచినచో తెల్లవాఱునప్పటికి అది సాక్ష్యము చెప్పును. ఏసీ వేసికొని వచ్చిన బండి క్రింద బొట్లుబొట్లుగా పడు తేటనీరు గాలిలోని తేమ చల్లబడి దిగినదే. రంగు లేదు, వాసన లేదు, భయమును లేదు. ఆకుపచ్చగానో, గులాబి లేక నారింజ రంగుననో యుండి వ్రేళ్లకు కొంచెము జిగురుగా తగులు నీరు రేడియేటరుది. దానిని కూలెంటు అందురు. దానికి ఒకవిధమైన తీయని వాసన యుండును; అయినను అది విషము, పిల్లలు గాని కుక్కలు గాని నాకకుండ వెంటనే కడిగివేయవలెను. గోధుమరంగున లేక నల్లగా జిడ్డుగా నున్నది ఇంజనాయిలు. చక్రపు లోపలివైపుననో, డ్రైవరు కాళ్లు పెట్టుకొను చోటికి సరిగా క్రిందనో, లేత పసుపురంగున జారుడుగా నుండునది బ్రేకునూనె కావచ్చును. అది కనబడిన బండిని ఎక్కరాదు, కదలింపను రాదు. మెకానిక్కును బండి కడకు పిలువవలెను. పెట్రోలు వాసన సంగతి వేఱుగా చెప్ప నేల?

ఇక వేడి మాట. ఇంధనము మండగా పుట్టిన వేడిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే బండిని నడుపుటకు వినియోగపడును. మిగిలినది కొంత పొగగొట్టము గుండ పోవును. కొంత ఇంజను చుట్టును పాఱు నీటిలో చేరును. ఆ నీటిని ఒక పంపు ముందున్న రేడియేటరులోనికి త్రోయును. అచట గాలి తగిలి చల్లబడి అది మరల ఇంజనులోనికి వచ్చును. ఈ తిరుగుడు ఆగకుండునంతవఱకు ఇంజను సుమారు 90 డిగ్రీల వేడిలో సుఖముగా నుండును. నీరు కారినను, పంపు చెడినను, ఫ్యాను ఆగినను, రేడియేటరు రంధ్రములలో దుమ్మును పురుగులును నిండినను వేడి పెరుగును. వరికోతల కాలమున పొట్టు రేడియేటరులో దిగబడి వేడెక్కిన బండ్లు నా షెడ్డునకు ఏటేట వచ్చెడివి.

ముల్లు ప్రతిదినము ఎచట నిలుచునో దానికి మించి జరిగినచో అదియే మొదటి హెచ్చరిక. నేటి కార్లలో చాలవానికి ముల్లు లేదు, దీపము మాత్రమే కలదు. ఉదయము ఇంజను చల్లగా నున్నప్పుడు కొన్నిటిలో నీలిదీపము వెలుగును. అది తప్పు కాదు, కొంతసేపటికి ఆఱిపోవును. ఎఱ్ఱదీపము వెలిగినచో ఆపవలసినదే. అంతకు ముందే తీయని వాసన కారులోనికి వచ్చుట, చక్కగా చల్లనిచ్చుచున్న ఏసీ హఠాత్తుగా వెచ్చని గాలి నిచ్చుట కూడ గుర్తులే. అనేకమైన బండ్లలో ఇంజను మితిమీఱి కాగినప్పుడు దానికి బరువు తగ్గించుటకై ఏసీ తనంత తానే ఆగునట్లు ఏర్పాటు కలదు. “ఏసీ పోయినది, గ్యాసు పట్టించవలె” నని డ్రైవరు చెప్పి సాగిపోవుచుండును. మీరు ఒకమాఱు వేడి దీపమును చూడుమని చెప్పుడు.

దీపము ఇంకను ఎఱ్ఱబడక వేడి పెరుగుచున్నప్పుడు ఒక ఉపాయము గలదు. ఏసీ ఆపి, చలికాలమున వాడు వేడిగాలిని పూర్తిగా విడిచి అద్దములు దించినచో ఇంజను వేడి కొంత మనమీదికి మరలును. వేసవిలో అది నరకమే. అయినను నీడగల చోటు చేరువఱకు ఇంజనును కాపాడును. ఆపిన పిమ్మట రేడియేటరు మూతను ముట్టరాదు. ఆ మూత లోపలి నీటిని ప్రెషరుకుక్కరువలె వత్తిడిలో నుంచును. అందుచే నూఱు డిగ్రీలు దాటినను అది మరుగదు. మూత తీసినంతనే వత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ముఖముపైకి చిమ్మును. అట్లు కాలిన చేతులను, కంఠములను నేను చూచితిని. అరగంటకు తక్కువ కాకుండ చల్లాఱనిచ్చి, తడిగుడ్డ కప్పి మెల్లగా త్రిప్పవలెను. కాగిన ఇంజనుపై చన్నీరు గ్రుమ్మరించుటయు తప్పే; ఇనుము బీటలు వాఱును.

“రోజూ ఒక చెంబు నీళ్లు పోస్తే చాలండీ, బండి బంగారం” అని చెప్పు డ్రైవరున్నాడే, వాని బండి నెక్కుటకు నేను సంకోచింతును. మూసియున్న దారిలో తిరుగు నీరు ప్రతిదినము తగ్గుట ఏమి? ఎచటనో పోవుచున్నది. కనబడకుండ పోవుచున్నచో ఇంజను లోపలికే పోవుచుండవచ్చును. అప్పుడు ఇంజనాయిలు మజ్జిగ కలిసినట్లు తెల్లబడును. పొగగొట్టమునుండి తెల్లని పొగ ఎంతసేపటికిని తగ్గక వచ్చును. చలికాలపు ఉదయమున కొన్ని నిమిషములు వచ్చు తెల్లని ఆవిరి అందఱి బండ్లకును ఉండునదే. నీలిపొగ వచ్చిన ఇంజను నూనెను త్రాగుచున్నదని యెఱుగవలెను. దానినే మనవారు “బోరుకు వచ్చింది” అందురు. నల్లపొగకు తఱచుగా గాలివడపోత దుమ్ముతో మూసికొనుటయే కారణము. అది చౌకలో పోవు రోగము.

కారు ముందుభాగమున, స్టీరింగు వెనుక, చిన్న చిన్న దీపములు గలవు. తాళము త్రిప్పగనే అవి యన్నియు వెలిగి, ఇంజను నడచిన కొద్ది క్షణములకు ఆఱిపోవలెను. ముందు సీటున కూర్చుండు పెద్దలు దీనిని చూచుట అలవాటు చేసికొనవచ్చును. ఎఱ్ఱరంగు దీపము ఆఱకున్నచో వెంటనే విచారింపవలసినది. పసుపుపచ్చది త్వరలో షెడ్డునకు చూపవలసినది. పసుపుపచ్చనిదే యైనను ఇంజను గుర్తుగల దీపము మిణుకుమిణుకు మనుచున్నచో నెమ్మదించి దగ్గఱి షెడ్డునకు చేరవలెను. మఱియొక సంగతి. అసలు వెలుగవలసినప్పుడే వెలుగని దీపమును అనుమానింపుడు. పాతబండి అమ్మజూపువాడు రోగము నయము చేయింపక దీపమును పీకివేసిన సందర్భములు నా చేతిలోనికి వచ్చినవి.

అన్నింటను భయంకరమైనది కొమ్ముచెంబువలె నుండి కొమ్మునుండి ఒక బొట్టు కారుచున్నట్లు చిత్రింపబడిన ఎఱ్ఱదీపము. అది ఇంజనాయిలు వత్తిడి పడిపోయినదని చెప్పును. ఇంజను లోపల ఇనుమునకు ఇనుమునకు నడుమ పలుచని నూనెపొర మాత్రమే యున్నది. మీ కందెనకు తమ్ముడు. ఆ పొర పోయిన పిమ్మట ఇంజను బిగియుటకు కొద్ది నిమిషములు చాలును. మొదట మలుపులలోను, బ్రేకు వేసినప్పుడును మాత్రము ఆ దీపము తళుక్కుమని మాయమగును. నూనె తగ్గి ఒకప్రక్కకు ఒరిగినప్పుడు పంపునకు అందకపోవుటయే దానికి తఱచు కారణము. ఆ తళుకును చూచినవారు వెంటనే ఆపించి నూనె కొలబద్దను తీయించి చూడుడు. చదునైన నేలపై, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు చూడవలెను. రెండు గీట్ల నడుమ నూనె యుండవలెను. విద్యుత్తుతో నడచు క్రొత్త కార్లకు ఈ నూనె బాధ లేదు. గాని ఇకమీద చెప్పబోవు బ్రేకులు, టైర్లు వానికిని ఉన్నవి.

బండి ముందుకు పోకున్న ప్రయాణము చెడును; నిలువకున్న ప్రాణమే పోవును. అందుచే బ్రేకులను గూర్చి కొంత విస్తరించి చెప్పెదను.

ముందుచక్రములతో పాటు ఒక ఇనుప పళ్లెము తిరుగుచుండును. పెడలు త్రొక్కినప్పుడు రెండు ప్యాడ్లు దానిని రెండువైపుల పట్టుకొని ఒఱసికొనును. ఆ ఒఱపిడికి ప్యాడ్లు నానాటికి అరిగిపోవును. చాల బండ్లలో ప్యాడ్డునకు ఒక పలుచని రేకుముక్క కావలెననియే బిగింతురు. ప్యాడ్డు తగినంత అరుగగనే ఆ రేకు పళ్లెమునకు తగిలి సన్నని కీచుధ్వని చేయును. ఆ చప్పుడు చెడిపోయినదని చేయుచున్న చప్పుడు కాదు. చెడకముందే మనలను పిలుచుటకై చేసినవారు పెట్టిన గంట. కొందఱు దానికి ఆయిలు పూసి నోరు మూయింతురు. బ్రేకుపళ్లెమునకు నూనె పూయుటకంటె అవివేకము మఱొకటి లేదు. కీచు దాటి గరగర మని ఇనుము ఇనుమును గీచు శబ్దము వచ్చినచో ప్యాడ్డు అయిపోయినదన్నమాట.

వెనుక కూర్చున్నవారికి కనబడు గుర్తు మఱొకటి గలదు. డ్రైవరు బండి నాపుటకు ఒకమాఱు త్రొక్కక, రెండుమూడు మాఱులు పెడలును కొట్టుచున్నాడా? మొదటి త్రొక్కుడు మెత్తగా దిగిపోయి రెండవదానికి గట్టిబడుచున్నదనియే అర్థము. బ్రేకు ద్రవములో గాలి చేరియుండవచ్చును, కారుచుండవచ్చును, పెడలునకు సంబంధించిన సిలిండరు చెడియుండవచ్చును. “అది అలవాటైపోయిందండీ” అని అతడు చెప్పును. అలవాటైనది అతని కాలికి. బ్రేకు వేసినప్పుడు బండి ఒకప్రక్కకు లాగుట, ఆపి దిగిన పిదప నాలుగు చక్రములలో ఒకటి మాత్రమే సెగలు క్రక్కుట కూడ ఈ జాతివే. కడపటి దానిలో ఒక బ్రేకు పట్టినది విడువక ఈడ్చుకొని వచ్చుచున్నది.

ఆ ద్రవమునకు ఒక దుర్గుణము గలదు. వర్షకాలమున జాడీలోని ఉప్పు చెమర్చినట్లు అదియు గాలినుండి తేమను పీల్చుకొనును. సీసాపై డాట్ 4 అని ముద్రించు ద్రవము క్రొత్తగా నున్నప్పుడు 230 డిగ్రీల లోపల మరుగరాదని నియమము. తేమ పట్టిన పిమ్మట 155 డిగ్రీలు తట్టుకొన్న చాలునని అదే నియమము చెప్పుచున్నది. ఊరి రోడ్లపై ఈ భేదము తెలియదు. కొండ దిగునప్పుడు తెలియును. ఎడతెగక త్రొక్కిన బ్రేకులు కాగి, ఆ వేడి ద్రవమునకు ఎక్కి, అది లోపల మరిగినచో బుడగలు పుట్టును. ద్రవము నలుగదు గాని బుడగ నలుగును. అప్పుడు పెడలు నేల నంటును, బండి నిలువదు. ఈ కారణముచేతనే రెండేండ్ల కొకమాఱు ఆ ద్రవమును మార్పింపవలెనని చెప్పుదురు. మార్పించినవారిని నేను చాల కొద్దిమందిని చూచితిని; అది ఖర్చెక్కువయై కాదు, కనబడని వస్తువగుటచే.

తిరుమలకు 1944లో వేసిన పాత ఘాటురోడ్డును నేడు దిగుటకు వాడుచున్నారు. ఎక్కుటకు వేఱు దారి గలదు. ఆ పాతదారి మెలికలన్నిటను డ్రైవరు పెడలుమీదనే కాలుంచి దిగుచున్నాడా, చిన్న గేరులో దిగుచున్నాడా యని గమనింపుడు. చిన్న గేరులో ఇంజను గుఱ్ఱుమని గట్టిగా పలుకును. అది మేలు, ఇంజనే బండిని పట్టి యుంచుచున్నది. ఏ గేరులో ఎక్కవలసియుండునో ఆ గేరులోనే దిగవలెనని మా పెద్ద మేస్త్రీలు చెప్పెడివారు. పెట్రోలు మిగులునని ఇంజను ఆపి దిగువాడున్నచో నోరు విప్పి వారింపుడు. ఇంజను ఆగినంత కొంచెము సేపటికే బ్రేకునకు సాయపడు బలము తఱిగి పెడలు రాయివలె నగును, స్టీరింగు బరువెక్కును. దిగుచుండగా కాలిన వాసన వచ్చినచో చోటు చూచి ఆపించి, ఒక అరగంట కొండగాలి పీల్చుకొనుడు. చక్రములపై నీళ్లు చల్లరాదు. కాగిన పళ్లెము వంకరపోవును.

ఇక టైర్లు. మన పల్లెలలో ఇప్పుడొక వింత కారు కనబడుచుండును. కుమారుడు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో యుండును. కారు మాత్రము ఇంటి ముంగిట టార్పాలిను క్రింద నుండును. ఏటి కొకమాఱు అతడు వచ్చినప్పుడు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, కుటుంబమంతయు ఎక్కి ఒక్కరోజున అయిదువందల కిలోమీటర్లు పోదురు. తిరుగని బండి క్రొత్తది యని మనము భ్రమపడుదుము. రబ్బరు తిరుగకున్నను ముదియును. టైరు ప్రక్కభాగమున కోడిగ్రుడ్డు ఆకారపు గీటులో నాలుగంకెలు ముద్రించియుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. ఆఱేండ్లు దాటినచో తెలిసినవానికి చూపుడు. పదేండ్లు నిండినచో గాళ్లు ఎంత లోతుగా కనబడినను తీసివేయుడు. డిక్కీలో నుండు స్టెప్నీ టైరుకును ఇదే లెక్క. అది ఎప్పుడును అందఱికంటె ముసలిది. టైరు ప్రక్కన కురుపువలె ఉబ్బు కనబడినచో లోపలి దారములు తెగినవి. దానికి మందు లేదు.

గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునకు నలిగి నలిగి కాగును. వేసవిలో వేగముగా పోవునప్పుడు ప్రేలునవి తఱచుగా అట్టివే. ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు తెఱచినచోట అంటించిన చీటిపై నుండును. బండి కదలకముందు, టైర్లు చల్లగా నున్నప్పుడే కొలిపింపవలెను. టైరు నడుమ అరిగినచో గాలి యెక్కువ, రెండంచులు అరిగినచో తక్కువ, ఒక అంచే అరిగినచో చక్రములు సరిగా నిలువలేదు. ఆ టార్పాలిను క్రింది కార్ల కింకొక శత్రువున్నది: ఎలుక. ఇంజను ప్రక్క గూడు కట్టి తీగలు కొఱికివేయును. కుమారుడు వచ్చుటకు వారము ముందే బానెట్టు ఎత్తించి చూడుడు.

చక్రముల చప్పుళ్లలో రెండు మూడు గుర్తుంచుకొన్న చాలును. వేగముతో పెరిగి వేగముతో తగ్గు ఎడతెగని హోరు బేరింగుది కావచ్చును. పూర్తిగా మలుపు త్రిప్పునప్పుడు మాత్రము టకటక మను చప్పుడు ముందుచక్రములకు బలము చేరవేయు కీలుది. గుంటలో పడినప్పుడు ధడాలుమనునది స్ప్రింగుల సంబంధమైనది. ఇవి కొన్నిదినములు గడువిచ్చును. అంతకంతకు హెచ్చుచు, చక్రము తిరుగు తాళమునకు సరిగా డబడబ మని కొట్టుకొను చప్పుడు గడువియ్యదు. టైరు మార్చిన మఱునాడు ఇట్టి చప్పుడు విన్నచో నట్లు వదులై యుండవచ్చును. అక్కడికక్కడే ఆపింపుడు.

బాటరీ ఆయుర్దాయము మన యెండలలో మూడు మొదలు ఐదేండ్లు. ఉదయము ఇంజను నీరసముగా మూలుగుచు తిరుగుట దాని ముదిమికి గుర్తు. బండి నడచుచుండగా బాటరీ గుర్తు దీపము వెలిగినచో బాటరీ కాదు, దానిని నింపు యంత్రమో బెల్టో చెడినది.

కన్ను, చెవి, ముక్కు మూటికిని అందని అపాయ మొకటి గలదు. పొగగొట్టమునందు కార్బన్ మోనాక్సైడు అను వాయువు వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. గొట్టము చిల్లుపడి బుడబుడ చప్పుడు వచ్చుచున్న బండిలో అద్దములు మూసికొని కూర్చున్నవారికి తలనొప్పి, వికారము, మగత కలిగినచో ఎండదెబ్బ యనుకొనక అద్దములు తెఱచి క్రిందికి దిగుడు. పెండ్లివారి యింటికడ ఇంజను నడపుచు, ఏసీ వేసికొని, మూసిన కారులో నిద్రించు డ్రైవరును కనబడిన వెంటనే లేపుడు. పాకలో గాని షెడ్డులో గాని నిలిపియున్నచో మఱియును.

ఇన్ని చెప్పితిని గాని, కుఱ్ఱవాడైన డ్రైవరునకు ఎట్లు చెప్పుటయన్నది మిగిలియున్నది. “నీ బండి బాగుండలేదు” అన్నచో అతనికి రోషము కలుగును. “నాయనా, నా ముసలి చెవికేదో చప్పుడు వినబడుతోంది. ఒక్కసారి దిగి చూడు. మాకు తొందర లేదు” అని చూడుడు. ఈ కడపటి మాటయే ముఖ్యమైనది. డ్రైవరు గుర్తులను చూడక కాదు, సవారీవారు గడియారము చూచుకొనుచున్నారని సాగించును. నిజముగా తొందర యున్ననాడు, రోగి బండిలో నున్ననాడు, బయలుదేఱకముందు క్రిందికి వంగి చూచుటకు పట్టు అరనిమిషమే మిగిలిన గంటలను కాపాడును. షెడ్డులో చెప్పునప్పుడు వైద్యునికి చెప్పినట్లు చెప్పవలెను: చల్లగా నున్నప్పుడా, కాగిన పిదపనా, మలుపులోనా, గుంటలోనా, బ్రేకు వేసినప్పుడా, ఎన్నాళ్లనుండి. “ఏదో చప్పుడండీ” అన్నచో ఆ మెకానిక్కు నాలుగు వస్తువులు మార్చి నలుగురి డబ్బు తీసికొనును. నేను షెడ్డువాడనే, తెలిసి చెప్పుచున్నాను.

దారిలో ఆపవలసి వచ్చినచో రోడ్డు దిగి అంచునకు నిలిపించి, నాలుగు దీపములును మిణుకునట్లు వేయింపుడు. డిక్కీలో ముక్కోణపు ఎఱ్ఱరేకు ఉండును. దానిని యాభై అడుగులు వెనుక కాదు, యాభై గజములకు పైగా వెనుక నిలుపవలెను. అందఱును ఎడమవైపు తలుపుల గుండ దిగి, పిల్లలను పట్టుకొని, రోడ్డునకు దూరముగా చేని గట్టుమీద నిలువుడు. రాత్రియైనచో ఎంత చలిగా నున్నను బండిలోనే కూర్చుండరాదు. వెనుకనుండి వచ్చు లారీవానికి ఆగిన కారు నడచుచున్న కారువలెనే కనబడును.